అందిందని రాసిన పార్సిల్

4 అక్టోబర్

అమ్మలూ,

నువ్వు సైన్యం బండెక్కి ఇరవై రెండు రోజులైంది. ఇంతవరకు నీ దగ్గర్నుంచి వచ్చింది ఒకే ఒక్క ఉత్తరం. అందులో ఆరే వాక్యాలు. లెక్కపెట్టింది నేను కాదు, మీ అమ్మ. ఆరో వాక్యం ‘ఉంటాను’ అని ఉంది, అది వాక్యం కిందకి వస్తుందా రాదా అని నిన్న మాకు వాదన కూడా జరిగింది.

నేను మాత్రం రెండు రోజులకొకటి రాస్తూనే ఉన్నాను. వెళ్తూ వెళ్తూ నీ చేత్తో చిరునామా రాసిచ్చిన కవర్లు వంద ఉన్నాయి కదా, ఇది తొమ్మిదోది. నిన్న మొదటి పార్సిల్ కూడా పంపించాను. నాలుగు జతల మేజోళ్ళు, రెండు వాసలీన్ డబ్బాలు, బిస్కెట్లు, వేయించిన వేరుశెనగలు. దాని మీద చిరునామా నేనే రాశాను. కవరు మీద ఎవరైనా రాస్తారు. పార్సిల్ మీద రాయడం ఒక విద్య. మీ శిబిరాలకి పేరు రాయకూడదు, మనిషి నంబరు మాత్రమే ఉండాలన్నారు. ముదురు సిరాతో, బారెడు దూరం నుంచి కనబడేట్టు రాశాను. పార్సిల్లో ఉత్తరం పెట్టకూడదని రూలు కాబట్టి పెట్టలేదు. అందరూ పెడతారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు పోస్టాఫీసు పార్సిల్ కౌంటర్లో కూర్చున్నవాణ్ణి, నేను పెట్టను.

అందగానే ఒక్కో వస్తువూ సరిచూసుకుని రాయి. బిస్కెట్లు విరిగాయా లేదా అన్నది కూడా రాయి. నేను కట్టిన పార్సిల్లో ఏదీ విరగదు, అయినా రాయి.

మీ అమ్మ ‘ఒళ్ళు జాగ్రత్త’ అని రాయమంది. రాశాను.

నాన్న

*

20 అక్టోబర్

నాన్నా,

నమస్కారాలు. మీవి పద్నాలుగు ఉత్తరాలు ఒకేసారి అందాయి. ఇక్కడ టపా రోజూ రాదు, వారానికోసారి వస్తే అదే గొప్ప. పద్నాలుగింటిలోనూ ‘పార్సిల్ అందిందా’ అని ఉంది. పార్సిల్ పంపకముందు రాసినవాటిలో కూడా ‘పంపబోతున్నాను, అందగానే రాయి’ అని ఉంది. మా షెడ్డులో వాళ్ళంతా వంతులవారీగా పైకి చదివి నవ్వుకున్నారు.

పార్సిల్ ఇంకా అందలేదు. కంగారు పడొద్దు.

నా పని మీకు తెలిసిందే, బండ్లు బాగుచేయడం. ఇక్కడ చలికి డీజిల్ నెయ్యిలా పేరుకుపోతోంది. పొద్దున్నే లారీ ఇంజన్ కింద పళ్ళెంలో నిప్పులు పెట్టి వేడి చేస్తేగాని అది దగ్గదు. స్పానర్ ఉత్త చేత్తో పట్టుకుంటే చర్మం దానికే అంటుకుపోతుంది. అందుకని వాసలీన్ మాత్రం త్వరగా వస్తే బాగుండును.

కింది శిబిరం దాకా టపా బండిలో వస్తుంది. అక్కణ్ణించి ఆరు కిలోమీటర్లు ఒక మనిషి వీపున మోసుకొస్తాడు. అందరం టపా అన్న అంటాం. నన్ను చెల్లెమ్మా అంటాడు. భార్య పంచదార మిల్లు ఉన్న ఊళ్ళో కుట్టు టీచరు. జనవరి ఆఖర్లో కాన్పు. ఏడాది నుంచి ఒక్క రోజు కూడా సెలవు పెట్టకుండా దానికోసమే దాచుకున్నాడు. మీ ఉత్తరాల కట్ట ఇస్తూ, “మీ నాన్నగారు నన్ను పని లేకుండా ఉండనివ్వరు చెల్లెమ్మా” అన్నాడు. దండం పెడతాను, వారానికొకటి రాయండి.

అమ్మకి ముద్దులు.

మీ అమ్మలు

*

2 నవంబర్

అమ్మలూ,

నెల రోజులైంది! నెల రోజులు ఒక పార్సిల్ దారిలో ఏం చేస్తుంది? మన కౌంటర్‌కి వెళ్ళి అడిగాను. నా సీట్లో ఇప్పుడు ఒక కుర్రది కూర్చుంటోంది. తల ఎత్తకుండా, “వెళ్ళిపోయిందండీ” అంది. ఎక్కడికి వెళ్ళిపోయిందమ్మా అంటే, “వెళ్ళాల్సిన చోటికే” అంది. అది ఒక జవాబా? ఒళ్ళు మండి వచ్చేశాను.

నువ్వేమో కంగారు పడొద్దంటావు. మీ అమ్మ సరిగ్గా తినడం మానేసింది. పార్సిలే చేరలేని చోట పిల్ల ఎలా ఉందో అంటుంది. పొద్దున లేవగానే అదే మాట, పడుకోబోయే ముందు అదే మాట. నా తల ప్రాణం తోకకొస్తోంది.

రెండో పార్సిల్ కూడా పంపించాను. మీ అమ్మ అల్లిన ఉన్ని స్వెట్టర్, రంగు పచ్చ. మెడ దగ్గర మూడుసార్లు విప్పి మళ్ళీ అల్లింది. ఉన్ని గ్లవ్స్ కూడా. నువ్వు ఏదో ఒకటి తేల్చి రాసేదాకా ఈ ఇంట్లో మనశ్శాంతి లేదు.

నాన్న

*

14 నవంబర్

నాన్నా,

మొదటి పార్సిల్ అందింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. బిస్కెట్లు ఒక్కటి కూడా విరగలేదు. మేజోళ్ళు చాలా వెచ్చగా ఉన్నాయి. అమ్మని కడుపునిండా తినమనండి.

షెడ్డులో పని చాలా ఉంది. ఉంటాను.

అమ్మలు

*

26 నవంబర్

అమ్మలూ,

అందినందుకు సంతోషం. మీ అమ్మ ఆ రోజు రెండుసార్లు వడ్డించుకుంది. సంతోషం అక్కడితో సరి.

నిన్న నాకు ఎవరో సిపాయి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. పార్సిల్ మీద పంపినవారి చిరునామా చూసి రాశాడట. ‘అయ్యా, మీరెవరో నాకు తెలియదు. మేజోళ్ళు చాలా బాగున్నాయి. వేరుశెనగలు మా గుడారంలో అందరం తిన్నాం. ఎవరూ లేనివాళ్ళకి మీలాంటి పెద్దలు ఇలా పంపడం గొప్ప విషయం’ అని ఉంది.

మేజోళ్ళు ఇచ్చావు, సరే. తోటివాడికి చలేస్తే ఇవ్వాల్సిందే. వేరుశెనగలు మొత్తం ఇచ్చేశావా? అవి ఎవరు పంపారో కూడా అతనికి చెప్పలేదా? ‘మా నాన్న పంపాడు’ అనడానికి నీకు నామోషీగా ఉందా? ముప్ఫై ఒక్క ఏళ్ళు కౌంటర్లో కూర్చున్నవాడి కూతుర్నని చెప్పుకుంటే నీ స్పానర్ వంగిపోతుందా?

ఆ కార్డు మీ అమ్మకి చూపించలేదు. సొరుగులో పడేశాను. స్వెట్టర్ కూడా ఎవరికో తొడిగేశావని తెలిస్తే ఆవిడ తట్టుకోలేదు.

స్వెట్టర్ అందిందా?

నాన్న

*

9 డిసెంబర్

నాన్నా,

నామోషీ ఏమీ లేదు. అతనికి బాగా చలేస్తుంటే ఇచ్చాను. వేరుశెనగలు అందరం కలిసి తిన్నాం. మీ పేరు చెప్పడం మర్చిపోయాను. తప్పే.

స్వెట్టర్ పార్సిల్ మాత్రం నిజంగా అందలేదు. గ్లవ్స్ కూడా రాలేదు. మంచు మొదలైంది, దారి ఒక రోజు తెరిస్తే మూడు రోజులు మూస్తున్నారు. కిందెక్కడో ఆగి ఉంటుంది. దయచేసి దీని మీద ఏమీ చేయకండి. ఎవర్నీ అడగకండి. వస్తే వస్తుంది.

జనవరి పదో తేదీన చివరి బండి కిందకి దిగుతుందట. ఆ తర్వాత మార్చి దాకా దారి మూతే. టపా అన్న ఆ బండిలోనే వెళ్తున్నాడు. ఇప్పట్నుంచే పెట్టె సర్దుకుంటున్నాడు, మళ్ళీ విప్పుతున్నాడు, మళ్ళీ సర్దుతున్నాడు. పిల్లకి ఏం పేరు పెట్టాలని రోజూ నన్నే అడుగుతున్నాడు. చెప్పిన ప్రతిదీ వద్దంటున్నాడు. మీకు మంచి జోడీ.

అమ్మలు

*

22 డిసెంబర్

అమ్మలూ,

నువ్వు ఏమీ చేయొద్దన్నావు. నేను ఆ మాట వినదలచుకోలేదు.

ఈ నెల ఒకటో తేదీన మూడో పార్సిల్ పంపాను. టార్చిలైటు, బాదంపప్పు, దళసరి శాలువా. నీ ఉత్తరంలో దాని ఊసే లేదంటే అదీ మాయమైందన్నమాట. కూర్చుని ప్రశాంతంగా ఆలోచించాను. మొదటి పార్సిల్ అందింది. అంటే చిరునామాలో తప్పు లేదు. దారీ అదే, శిబిరమూ అదే. అందులో ఉన్నవి మేజోళ్ళు, వేరుశెనగలు. మాయమైనవాటిలో ఉన్నవి ఉన్ని స్వెట్టర్, టార్చిలైటు, శాలువా. చవకవి చేరుతున్నాయి, విలువైనవి చేరడం లేదు. కౌంటర్లో ఇన్నేళ్ళూ ఇలాంటివి ఎన్ని చూశాను! వస్తువుకి కాళ్ళు రావు, మనిషికి చేతులుంటాయి. కింది శిబిరం నుంచి నీ దాకా మోసుకొచ్చేది ఒక్కడే అని నువ్వే రాశావు. పైగా అతను పెట్టె సర్దుతున్నాడనీ నువ్వే రాశావు.

నాలుగు రోజుల కిందటే మీ కమాండర్ గారికి రిజిస్టర్డ్ ఉత్తరం పంపించాను. ఏవి అందాయో, ఏవి అందలేదో చెప్పాను, ఎవరి మీదా నింద వేయలేదు. ‘టపా మోసే వ్యక్తి సెలవు మీద వెళ్ళేలోపు అతని సామాను ఒకసారి చూడగలరు’ అని మాత్రమే మర్యాదగా రాశాను.

నీకు కోపం వస్తుందని తెలుసు. తర్వాత నువ్వే నన్ను మెచ్చుకుంటావు.

నాన్న

*

12 జనవరి

నాన్నా,

మెచ్చుకోవడానికే రాస్తున్నాను. వినండి.

మీ ఉత్తరం ఏడో తేదీన కమాండర్ గారి చేతికొచ్చింది. అది ఉన్న సంచిని మోసుకొచ్చింది కూడా టపా అన్నే. ఎనిమిదిన అందరి ముందూ టపా అన్న పెట్టె తెరిపించారు. ఆయన మంచులో నిలబడి చూశాడు. పెట్టెలో ఉన్నవి రెండు జతల బట్టలు, భార్య రాసిన ఉత్తరాల కట్ట, అరచేయంత ఉన్ని టోపీ. ఖాళీ ఉన్నప్పుడు ఆయనే అల్లాడట. కమాండర్ గారు ఆ టోపీని పట్టుకుని, “ఈ ఉన్ని ఎక్కడిది?” అని అడిగారు. మీరు ‘ఉన్ని స్వెట్టర్’ అని రాశారుగా. దాన్ని విప్పి అల్లాడేమోనని అనుమానం. టపా అన్న ఆ టోపీ అందుకుని మళ్ళీ పెట్టెలో పెట్టుకున్నాడు. సెలవు ఆపారు. విచారణ తేలేదాకా కదలడానికి లేదన్నారు.

ఇప్పుడు నా సంగతి. మొదటి పార్సిల్ నాకు అందలేదు నాన్నా. ఎప్పుడూ అందలేదు. అమ్మ తినడం లేదని మీరు రాస్తే, మీ ప్రశ్నలు భరించలేక, అందిందని అబద్ధం రాసేశాను. ఆ సిపాయి ఎవరో నాకు తెలియదు. మేజోళ్ళు నేనెవరికీ ఇవ్వలేదు. మొదటి అబద్ధాన్ని కప్పుకోవడానికి రెండోది రాశాను. మీ ఫిర్యాదులో మొదటి వాక్యం ఏమిటో తెలుసా? ‘మొదటి పార్సిల్ క్షేమంగా అందినట్లు మా అమ్మాయి స్వయంగా రాసింది.’ కమాండర్ గారు అది పైకి చదివారు. నేను అక్కడే ఉన్నాను. చేతిలో గ్రీజు గుడ్డ పట్టుకుని నిలబడ్డాను గాని నోరు విప్పలేదు.

మర్నాడూ విప్పలేదు. అబద్ధాలకోరునని అందరికీ తెలుస్తుందని భయం. పదో తేదీన చివరి బండి దిగింది. ఇంజన్ స్టార్ట్ చేసిచ్చింది నేనే. అందులో ఆయన లేడు. పదకొండున వెళ్ళి కమాండర్ గారికి నిజం చెప్పాను. “రెండు రోజుల ముందు చెప్పుంటే ఇతను ఇంటికి వెళ్ళేవాడు” అన్నారు. అంతే. తిట్టినా బాగుండేది.

మీ దగ్గరున్న పార్సిల్ రసీదులు తీసి చూడండి. నన్ను అడగకండి, ఎవరికీ రాయకండి, ముందు అవి చూడండి.

అమ్మలు

*

24 జనవరి

అమ్మలూ,

నిన్న రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి నీది. రెండోది ఆ మేజోళ్ళ సిపాయిది. ‘అయ్యా, పచ్చ స్వెట్టర్ కూడా అందింది. నాకు పట్టలేదు, నీళ్ళ డబ్బాకి తొడిగాం, నీళ్ళు గడ్డకట్టకుండా ఉంటున్నాయి. టార్చిలైటు చాలా ఉపయోగంగా ఉంది. ఈసారి పంపితే స్వెట్టర్ కొంచెం పెద్దది పంపగలరు’ అని రాశాడు. కింద తన నంబరు వేశాడు. 1146.

రసీదులు తీశాను. మూడింటి మీదా నా చేతిరాతే. నీ నంబరు 7146 అనే రాశాను. నాకు అది ఏడే. మీ అమ్మని పిలిచి చూపించాను. “ఇది ఒకటి కదూ?” అంది. కాదు, సరిగ్గా చూడు అన్నాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసి, “ఒకటేనండీ” అంది. పక్కింటాయనకి చూపించాను. ఆయనా అదే అన్నాడు. కౌంటర్ దగ్గరున్న పిల్ల దగ్గరికి కూడా వెళ్ళాను. ఈసారి తల ఎత్తింది. “తాతగారూ, పాత రిజిస్టర్లలో కూడా మీ ఏడు ఎప్పుడూ ఒకటిలాగే ఉంటుందండీ” అంది. ఎప్పుడూ! ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు.

రసీదులూ, ఆ సిపాయి రాసినవి రెండూ తీసుకుని మధ్యాహ్నమే సైనిక కార్యాలయానికి వెళ్ళాను. వైర్‌లెస్‌లో మీ కమాండర్ గారికి కబురు పంపుతామన్నారు. పంపేదాకా అక్కడే కూర్చున్నాను. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటూ ఒక కాగితం, టపా అన్నకి విడిగా క్షమాపణ ఉత్తరం రాశాను. అది దీనితో పాటే పెడుతున్నాను. ఆయనకివ్వు.

అబద్ధం రాయకుండా ఉంటే నేను ఫిర్యాదు రాసేవాణ్ణి కాదు అని నిన్ను తిట్టాలని నాలుగుసార్లు కలం పట్టుకున్నాను. నేను జోరీగలా చెవిలో రొద పెట్టకపోతే నువ్వు అబద్ధమే రాసేదానివి కాదని మీ అమ్మ అంటోంది. ఆ ఒక్క మాట అని ఆవిడ నాతో మాట్లాడడం మానేసింది. నీతో కూడా మాట్లాడనని రాయమంది. స్వెట్టర్ నీళ్ళ డబ్బాకి తొడిగారని చెప్పే ధైర్యం నాకింకా రాలేదు.

నాన్న

*

8 ఫిబ్రవరి

నాన్నా,

వైర్‌లెస్ కబురు అందింది. విచారణ మూసేశారు. కమాండర్ గారు అందర్నీ నిలబెట్టి, టపా అన్న తప్పేమీ లేదని చెప్పారు. సెలవు మంజూరు చేశారు. ఏం లాభం? దారి మూతపడింది. హెలికాప్టర్ వస్తోంది గాని, అందులో రోగులకీ టపా సంచులకీ తప్ప చోటు లేదు. ఆయన రాసుకునే ఉత్తరాలు ఎగిరి కిందకి వెళ్తున్నాయి, ఆయన ఇక్కడే ఉన్నాడు.

జనవరి ఇరవై తొమ్మిదిన ఆయన భార్యకి కాన్పయింది. వైర్‌లెస్ గది నుంచి చీటీ వచ్చింది. ‘ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం.’ ఆ మూడు మాటలే. ఆ చీటీ పట్టుకుని శిబిరమంతా తిరిగి అందరికీ చూపించాడు. నాకు తప్ప.

మీ క్షమాపణ ఇచ్చాను. నిలబడే చదివాడు. మడిచి నా చేతికే తిరిగిచ్చాడు. “చదివాను” అన్నాడు. నేను ఏదో అనబోతే, “పనుంది” అని వెళ్ళిపోయాడు. ఇదివరకు నా ఉత్తరాలు చేతికిచ్చి రెండు కబుర్లు చెప్పి వెళ్ళేవాడు. ఇప్పుడు లారీ బానెట్ మీద పెట్టేసి వెళ్తున్నాడు.

మళ్ళీ క్షమాపణలు రాయకండి. పార్సిళ్ళు పంపకండి. ఆయన ఇంటి చిరునామా నాకు తెలుసు, మీకు చెప్పను. కొన్నాళ్ళు ఏమీ చేయకుండా ఉండగలరా? ఒక్కసారి, నా మాట మీద?

అమ్మలు

*

25 ఫిబ్రవరి

అమ్మలూ,

ఉండలేకపోయాను.

చిరునామా నువ్వు చెప్పక్కర్లేదు. పంచదార మిల్లు ఊళ్ళో పోస్ట్‌మన్ ఒకప్పుడు మా ఆఫీసులోనే పనిచేశాడు. సిపాయి భార్య, కుట్టు టీచరు, నెల నిండని పిల్ల అనగానే పది నిమిషాల్లో గుమ్మం ముందు నిలబెట్టాడు. విషయం ఏమిటో చెప్పగానే సైకిలెక్కి మాయమయ్యాడు.

తలుపు తీసింది టపా అన్న అత్తగారు. నేనెవరో చెప్పాను.

“మా అల్లుణ్ణి దొంగన్నది మీరేనా?” అంది.

“నేనేనమ్మా.”

“ఎంత తేలిగ్గా చెబుతున్నారో!”

“తేలిగ్గా కాదమ్మా. బస్సులో నాలుగు గంటలూ ఏం చెప్పాలో ఆలోచిస్తూనే వచ్చాను. ఇంకేం తోచలేదు.”

“ఇంకో నాలుగు గంటలు ఆలోచించండి” అని తలుపు వేసేసింది.

మెట్టు మీద కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్ళంతా చూస్తున్నారు. కాళ్ళు తిమ్మిరెక్కాయి. లేచి వెళ్ళిపోదామని రెండుసార్లు అనుకున్నాను. నిజం చెబుతున్నాను, కోపం కూడా వచ్చింది, ఇంత దూరం వచ్చినవాణ్ణి ఇలాగా అని. కాసేపటికి ఆ కోపం నాకే సిగ్గనిపించింది. ఆయన్ని మంచులో నిలబెట్టింది ఎవరు?

గంట తర్వాత ఆ అమ్మాయి తలుపు తీసింది. పిల్లని భుజాన వేసుకుని ఉంది. మంచినీళ్ళిచ్చి, నేను తాగేదాకా ఆగి అడిగింది.

“ఫిర్యాదు రాసేటప్పటికి ఆయన్ని ఎప్పుడైనా చూశారా?”

“లేదమ్మా.”

“ఆయన ఉత్తరాల్లో సగం మీ అమ్మాయి గురించే ఉండేవి. చెల్లెలు దొరికిందని రాశారు.”

లోపలికి రమ్మంది. వెళ్ళాను. పిల్లని నా ఒళ్ళో పెట్టి, “చూడండి. ఆయన చూడాల్సింది మీరు చూస్తున్నారు” అంది. కోపంగా అనలేదు.

కాబట్టి అమ్మలూ, నేను చూసింది నాది కాదు. అక్కడికి చేర్చాల్సింది. ఇక్కడి నుంచి రాసేదంతా టపా అన్నకి చదివి వినిపించు. వినను అన్నా సరే వినిపించు.

పిల్ల చామనఛాయ. జుట్టు ఒత్తుగా ఉంది, మెడ దాకా దిగింది, ఎంత దువ్వినా నడినెత్తిన పిలకలా లేస్తోంది. కుడి చెవి పైఅంచు కొంచెం మడతపడి ఉంది. అది సర్దుకుంటుందని డాక్టరమ్మ చెప్పిందట. కనుబొమలు ఇంకా పలచగానే ఉన్నాయి. ఆకలేస్తే వెంటనే ఏడవదు. ముందు పిడికిలి నోట్లో పెట్టుకుని చప్పుడు చేస్తూ చీకుతుంది, ఆ చప్పుడు పక్క గదిలోకి వినిపిస్తుంది. ఎవరూ రాకపోతే అప్పుడు ఏడుస్తుంది. ఏడిస్తే మాత్రం వీధి చివరిదాకా వినబడుతుంది. తుమ్మితే జంటగా తుమ్ముతుంది, రెండో తుమ్ముకి తనే ఉలిక్కిపడుతుంది. కాళ్ళ వేళ్ళు పొడుగు, బొటనవేలికంటే పక్క వేలు పొడుగ్గా ఉంది. కుట్టుమిషను చప్పుడుకి నిద్రపోతుంది. మిషను ఆపితే లేస్తుంది. అందుకని వాళ్ళమ్మ ఒక్కోసారి గుడ్డ లేకుండానే మిషను తొక్కుతూ కూర్చుంటోంది. ఇంకా పేరు పెట్టలేదు. వాళ్ళ నాన్న వచ్చేదాకా పెట్టరట.

వచ్చేముందు నా చొక్కా తడిపేసింది. అప్పుడు అత్తగారు నవ్వింది. నవ్వినట్టు కనిపించకూడదని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఒక్క సంగతి మాత్రం నీకు. మళ్ళీ రమ్మని ఎవరూ అనలేదు.

నాన్న

*

16 మార్చి

నాన్నా,

ఏమీ చేయకుండా ఉండమని అడిగితే బస్సెక్కి వెళ్ళిపోయారు. ఉత్తరం తెరిచి మొదటి ముక్క చదవగానే దాన్ని నిప్పుల పళ్ళెంలో పడేద్దామన్నంత విసుగు వచ్చింది. పడేయలేదు.

ఆయన అలవాటు ప్రకారం బానెట్ మీద కవరు పెట్టేసి వెళ్ళబోతుంటే ఆపాను. “ఇది మీది” అన్నాను. “దాని మీద నీ నంబరుంది” అన్నాడు. “లోపలున్నది మీది” అని, ఆయన జవాబిచ్చేలోపే మొదలుపెట్టేశాను. మీరు చెప్పిన చోటి నుంచి కాదు, తలుపు దగ్గర్నుంచే చదివాను. అత్తగారు తలుపు వేసేసిందనేసరికి, “నన్ను కూడా మొదటిసారి అలాగే బయట కూర్చోబెట్టింది” అన్నాడు. నాతో కాదు, గోడతో అన్నట్టు. భార్య అన్న మాటల దగ్గర ఆయన తల వంచుకున్నాడు. పిల్ల దగ్గరికి వచ్చేసరికి బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. కాళ్ళ వేళ్ళ దగ్గర, “ఆగు” అన్నాడు. అంత చలిలో బూటు విప్పి, మేజోడు లాగి, పాదం చాపి చూపించాడు. పక్క వేలు పొడుగు. “చూశావా?” అన్నాడు. చూశానన్నాను. మేజోడు తొడుక్కోకుండా అలాగే కూర్చుని, మిగతాదంతా రెండుసార్లు చదివించుకున్నాడు.

మిమ్మల్ని క్షమించారా అని అడిగాను. నన్ను క్షమించారా అని అడగడానికి ధైర్యం చాల్లేదు. “ముందు పిల్లని చూడనీ. ఆ తర్వాత ఆలోచిస్తాను” అన్నాడు. అదే రాస్తున్నాను, ఒక్క అక్షరం కలపడం లేదు. ఇకమీదట మీకు జరిగిందే రాస్తాను, మీకు నచ్చినా నచ్చకపోయినా.

దారి పదమూడున తెరిచారు. మొదటి బండిలో వెళ్ళాడు. ఆ బండి బ్రేకులు నేనే చూశాను.

నలభై రోజులు ఆయన పని ఎవరు చేస్తారంటే నేను చేస్తానన్నాను. పొద్దున టపా, మధ్యాహ్నం నుంచి షెడ్డు. నిన్న మొదటిసారి కింది నుంచి సంచి మోసుకొచ్చాను. ఆరు కిలోమీటర్లలో నాలుగుచోట్ల కూర్చున్నాను. అందులో మీ ఉత్తరాలే పదకొండు! నాన్నా, ఈ పదకొండింటిలో కొత్త విషయం ఒక్కటంటే ఒక్కటైనా ఉందా?

గుడారం గుడారానికీ తిరిగి పంచాను. ప్రతిచోటా ఒకటే ప్రశ్న, “నాకేమైనా ఉందా?” ఐదుగురున్నారు, వాళ్ళకి ఎప్పుడూ ఏమీ రాదట. అయినా అడుగుతారు. వాళ్ళలో ఒకాయన మాత్రం అడగను కూడా అడగడు, సంచి ఖాళీ అయ్యేదాకా పక్కన నిలబడి చూసి వెళ్ళిపోతాడు. టపా అన్న ఇన్నాళ్ళూ ఆయనకి ఏం చెప్పేవాడో నాకు తెలియదు. నేను, “దారిలో ఉందేమో” అన్నాను. అనగానే నాలుక కరుచుకున్నాను. మళ్ళీ అబద్ధమే కదా.

దాన్ని మీరే నిజం చేయాలి. నాకు వారానికొకటి చాలు. మిగతా రోజులు ఆ ఐదుగురికీ రాయండి. మీ కౌంటర్ గొడవలు, పక్కింటాయన, బస్సు ప్రయాణం, ఏదైనా సరే. మీకు చెప్పేదేమీ లేకపోయినా నాలుగు పేజీలు రాయగలరు, ఆ సంగతి నాకంటే ఎవరికి తెలుసు?

నంబర్లు వేరే కాగితం మీద రాసి అమ్మ పేరుతో ఇందులోనే పెట్టాను. అది ఆవిడ చేతికే ఇవ్వండి. లోపల ఏం రాసుకున్నా మీ ఇష్టం. కవరు మీద మాత్రం అమ్మ రాస్తుంది.

మీ అమ్మలు